వ్యాన్‌లో చలికాలం: మెలకువగా ఉన్నంతసేపే మంట

అక్టోబరు, మొదటి వారం

ప్రోమాస్టర్ వ్యాన్ లోపల నేల, గోడలు, మంచం, పైకప్పు ఫ్యాన్ పూర్తయ్యాయి. వంటగట్టు, నీళ్ళ ట్యాంకు మిగిలే ఉన్నాయి గానీ వాటిని పక్కన పెట్టి ముందు వేడి సంగతి తేల్చుకోవాలి. మేముండేది కొలరాడోలో, డెన్వర్‌ని ఆనుకుని ఉన్న అరోరాలో. ఇప్పటికే తెల్లవారుజామున కారు అద్దాల మీద మంచు పొర కడుతోంది. ఈ చలికాలం కొండల్లో ఉన్న సలైడా, ట్విన్ లేక్స్ వైపు వెళ్ళి వ్యాన్‌లోనే పడుకోవాలని మా ఇద్దరి కోరిక. అక్కడ జనవరి రాత్రుల్లో మైనస్ 15, మైనస్ 20 డిగ్రీలు మామూలే.

సరైన దారి ఏమిటంటే, బయటి గాలి తీసుకుని పొగను బయటికే వదిలే హీటరును వ్యాన్ అడుగున బిగించుకోవడం. దానికి డబ్బూ కావాలి, సమయమూ కావాలి. అందుకని ఈ ఏడాదికి చేతిలో పట్టుకు తిరిగే ప్రొపేన్ హీటరుతో గడపాలని నిర్ణయించాం. కొన్నది మిస్టర్ హీటర్ వాళ్ళ పోర్టబుల్ బడ్డీ. ఇక్కడ వ్యాన్లు కట్టుకునేవాళ్ళలో చాలామంది దగ్గర కనబడేది ఇదే. పక్కన ఒక పౌండు (454 గ్రాముల) సిలిండరు బిగించాలి. గంటకు 4,000 బీటీయూ, 9,000 బీటీయూ (వేడికి కొలత) అని రెండే స్థాయిలు. కిలోవాట్లలో చెప్పాలంటే 1.2, 2.6.

దీనికి పొగగొట్టం లేదు. మంట తినేది మనం పీల్చే గాలినే, కాలాక మిగిలేదంతా మనం పడుకునే గదిలోకే. ఈ డైరీలో రాయబోయే ప్రతి పనీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఈ వేడి పనిలో ఒక్క మేకు కొట్టకముందే తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించాం: ఇద్దరిలో ఒకరైనా లేచి కూర్చుని, పూర్తి మెలకువలో ఉంటేనే హీటరు వెలగాలి. పడుకునే ముందు ఆర్పాలి. ఎంత చలి ఉన్నా ఇంతే.

అక్టోబరు, రెండో వారం: కాగితం మీద లెక్క

ఈ లెక్క చేసి చూశాకే ఆ నియమం ఎంత అవసరమో నాకు పూర్తిగా అర్థమైంది. వ్యాన్ కట్టుకునే ప్రతివాళ్ళూ తమ వ్యాన్ కొలతలతో ఒకసారి చేసుకోవాలి.

ఒక ప్రొపేన్ అణువు కాలడానికి ఐదు ఆక్సిజన్ అణువులు కావాలి. అవి కలిసి మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులు, నాలుగు నీటి అణువులు అవుతాయి. బరువుల్లో చూస్తే, ఒక కిలో ప్రొపేన్‌కు 3.6 కిలోల ఆక్సిజన్ ఖర్చవుతుంది. 3 కిలోల కార్బన్ డయాక్సైడ్, 1.6 కిలోల నీళ్ళు పుడతాయి.

మా వ్యాన్ లోపలి జాగా సుమారు 12 ఘనపు మీటర్లు. అరోరా ఎత్తులో ఆ గాలి బరువు 12 కిలోలు అనుకోవచ్చు. అందులో ఆక్సిజన్ 2.8 కిలోలు. ఒక చిన్న సిలిండరు మొత్తం కాలితే 1.6 కిలోలకు పైగా ఆక్సిజన్ పోతుంది. అంటే సందులన్నీ మూసేసి కూర్చుంటే, లోపలున్న ఆక్సిజన్‌లో సగానికి పైగా ఒక్క సిలిండరే అడుగుతుంది. తక్కువ స్థాయిలో పెట్టినా గంటకు 84 గ్రాముల గ్యాస్ కాలి పావు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలి కదలని వ్యాన్‌లో గంట తిరిగేసరికి అది ఒక శాతం దాటిపోతుంది. ఇక్కడి పని ప్రదేశాల్లో ఎనిమిది గంటల సగటుకు పెట్టిన హద్దు అర శాతం, అంటే 5,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 5,000).

ఇక నీళ్ళు. ఒక సిలిండరు నుంచి ముప్పావు లీటరు దాకా నీటి ఆవిరి వస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 17 గ్రాముల ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు. అంటే మా వ్యాన్ గాలి మొత్తం కలిపి 200 గ్రాములు. మిగిలిన అర లీటరు ఎక్కడికి పోతుంది? చల్లగా ఉన్న అద్దం మీదికి, ఇనుప పక్కటెముకల మీదికి, పరుపు అడుగుకి. మనిషి ఊపిరి, చెమట దీనికి అదనం. వ్యాన్లలో తుప్పు, బూజు పట్టడానికి ఇదే పెద్ద కారణం. చాలామంది దాన్ని వాన నీటి కారుడు అనుకుని కప్పు మీద సీలెంట్ పూస్తూ ఉంటారు.

ఈ మూడు లెక్కల్లోనూ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంకా రాలేదు. మంట శుభ్రంగా, చాలినంత ఆక్సిజన్‌తో కాలినప్పటి లెక్క ఇది. ఆక్సిజన్ తగ్గినా, మంట పలక మీద దుమ్ము పేరుకున్నా, పైలట్ (హీటరును ముట్టించే చిన్న మంట) గొట్టంలో సాలీడు గూడు పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ మొదలవుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

అక్టోబరు చివర: గాలికి దారి

హీటరుతో వచ్చిన పుస్తకం కనీసం 9 చదరపు అంగుళాల గాలి దారి ఉండాలంటోంది. అది కనీసం. మేం దానికి చాలా ఎక్కువే ఇస్తున్నాం. జారుడు తలుపు కిటికీకి కింది భాగంలో తెరుచుకునే చిన్న రెక్క ఉంది. అది ఒక దారి. పైకప్పు ఫ్యాన్ మూత రెండంగుళాలు ఎత్తితే అది రెండో దారి. ఒకటి కిందా ఒకటి పైనా ఉండటం ముఖ్యం. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంటే చల్లగాలి కిందినుంచి దానంతట అదే వస్తుంది. రెండూ ఒకే ఎత్తులో ఉంటే గాలి లేని రాత్రి ఏదీ కదలదు.

దీన్ని అగరుబత్తితో చూశాం. కిటికీ రెక్క దగ్గర పెడితే పొగ లోపలికి వంగింది, ఫ్యాన్ దగ్గర పెడితే నిటారుగా పైకి లాగేసుకుంది. కిటికీ రెక్క మూసేసి మళ్ళీ చూస్తే ఫ్యాన్ దగ్గర పొగ అటూ ఇటూ ఊగిసలాడింది తప్ప బయటికి పోలేదు. ఒక్క దారి చాలదని ఇంతకంటే స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పదు. హీటరు వెలుగుతున్నప్పుడు ఫ్యాన్ మోటారు వేయం, మూత తెరిచి ఉంచుతాం అంతే. మోటారు గట్టిగా లాగితే, లోపలికి వచ్చే గాలి చాలక వ్యాన్ అడుగున ఏ సందు దొరికితే అక్కడినుంచి లాక్కుంటుంది. పక్కన ఇంజను నడుస్తున్న బండి ఉంటే దాని పొగ కూడా వచ్చేస్తుంది.

మంచు కురిసేచోట ఇంకో జాగ్రత్త: ఫ్యాన్ మూత మీద, కిటికీ రెక్క ముందు మంచు పేరుకుని దారి మూసుకుపోవచ్చు. హీటరు ముట్టించే ముందు బయటికి దిగి చేత్తో తుడిచి రావడం కూడా తలుపు మీది కాగితంలోకి ఎక్కింది.

నవంబరు, మొదటి వారం: అలారాలు

హీటరులో రెండు రక్షణలు ఉన్నాయి. పక్కకు ఒరిగితే ఆరిపోతుంది. ఇంకోటి, ఆక్సిజన్ తగ్గితే ఆరిపోతుంది. ఈ రెండోదాని పనితీరు చాలా సరళం. పైలట్ మంట ఎప్పుడూ ఒక థర్మోకపుల్ (వేడిని పసిగట్టే లోహపు తీగ) కొనను వేడి చేస్తూ ఉండాలి. గాలిలో ఆక్సిజన్ మామూలు 20.9 శాతం నుంచి 18 శాతం దగ్గరికి పడిపోతే మంట గొట్టం నుంచి పైకి లేచిపోయేలా దాన్ని తయారుచేశారు. కొన చల్లబడుతుంది, వాల్వు మూసుకుంటుంది. ఎలక్ట్రానిక్స్ లేవు, బ్యాటరీ లేదు. అందుకే నాకు దాని మీద గౌరవం.

కానీ అది చూసేది ఆక్సిజన్‌ని మాత్రమే. కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో దానికి తెలియదు. ఆక్సిజన్ 20 శాతం ఉన్న గాలిలో కూడా మనిషిని చంపేంత కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. "ఆటోమేటిక్‌గా ఆరిపోతుంది, ఏం ఫర్వాలేదు" అని ధైర్యం చెప్పుకుని రాత్రంతా వెలిగించుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే.

కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రెండు పెట్టాం. ఒకటి మంచం తలవైపు, పడుకున్నప్పుడు ముక్కు ఉండే ఎత్తుకు దగ్గరగా. ఈ వాయువు బరువు దాదాపు గాలి అంతే. అది పైకీ పోదు, కిందికీ దిగదు, గాలిలో కలిసిపోతుంది. కాబట్టి మనం పీల్చేచోట కొలవడమే సబబు. కొనేటప్పుడు చూసుకోవలసింది: ఇళ్ళ కోసం చేసిన అలారాల్లో చాలావాటికి 4 నుంచి 38 డిగ్రీల మధ్యే హామీ ఉంటుంది. పగలంతా ఖాళీగా నిలబడిన వ్యాన్ లోపల మైనస్‌లోకి పోతుంది. అందుకని ఆర్‌వీల (ఇల్లులా వాడే బండ్ల) కోసం ధ్రువీకరించినదే తీసుకున్నాం.

ఇంకోటి తక్కువ స్థాయిల్ని కూడా అంకెల్లో చూపించే మీటరు. అది ఎందుకంటే, ఇక్కడి ప్రమాణం ప్రకారం మామూలు అలారం 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల లోపు, 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాల లోపు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాల లోపు మోగాలి. 30 దగ్గర 30 రోజుల దాకా మోగకూడదు. ఊరికే మోగి జనాన్ని విసిగించకూడదన్నది ఆ ప్రమాణం ఉద్దేశం. ఆరోగ్యవంతుడి ప్రాణం కాపాడటానికి అది సరిపోతుంది. కానీ బయటి గాలికి అమెరికా పెట్టుకున్న ఎనిమిది గంటల హద్దు 9 పీపీఎం. ఆ రెంటి మధ్య ఏం జరుగుతోందో నాకు కనబడాలి. మీటరులో అంకె రెండంకెల్లోకి వెళితే అలారం కోసం ఆగకుండా ఆర్పేసి తలుపు తీయాలని నిర్ణయం.

ప్రొపేన్ లీకు అలారం మాత్రం నేలకు జానెడు ఎత్తులో బిగించాం. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. కారితే ఒలికిన నీళ్ళలా నేల మీద పరుచుకుని పల్లానికి చేరుతుంది. గాలిలో 2 శాతం దాటితే చాలు, అంటుకుంటుంది.

నవంబరు, మూడో వారం: సిలిండరు ఎక్కడ పడుకోవాలి

సిలిండర్లు వ్యాన్ లోపల ఉండవు. వెనక హిచ్ (బండి వెనక తగిలించే కొక్కెం) మీద బిగించిన పెట్టెలో, నిటారుగా, అడుగున రంధ్రాలున్న అరల్లో పెడుతున్నాం. కారినా నేల మీదికి జారి గాలిలో కలిసిపోవాలి. ఒకవేళ పెట్టె వ్యాన్ లోపలే ఉండాలంటే గదితో ఏ సందూ లేకుండా మూసి, అడుగు నుంచి బయటికి గొట్టం దించాలి. అది పక్కా హీటరు వచ్చినప్పటి పని.

పడుకునే ముందు హీటరు ఆర్పడంతో పని అయిపోదు. అది చల్లారాక బయటికి తీసుకెళ్ళి సిలిండరు విప్పి, ఇత్తడి మూత బిగించి, పెట్టెలో పెట్టి వస్తాం. చలిలో బూట్లు తొడుక్కుని దిగాలి కాబట్టి ఇది కష్టమే. కానీ నేను భయపడేది తెల్లవారుజాము మూడింటికి. చలికి మెలకువ వస్తుంది, కళ్ళు సగమే తెరుచుకుంటాయి, చెయ్యి చాచితే హీటరు అందుతుంది, ఒక్క నొక్కుతో వెలుగుతుంది, రెండు నిమిషాల వెచ్చదనానికి మళ్ళీ నిద్ర పట్టేస్తుంది. సిలిండరు బయట ఉంటే ఆ పని జరగదు.

బిగించిన ప్రతిసారీ సబ్బు నీళ్ళ పరీక్ష. గిన్నెలు తోమే సబ్బు కాస్త నీళ్ళలో కలిపి బ్రష్‌తో మర చుట్టూ రాస్తే, కారుతుంటే బుడగలు ఉబ్బుతాయి. విప్పాక సిలిండరు వాల్వు మీద కూడా రాయాలి. ఈ చిన్న సిలిండర్లలో లోపలి పిన్ను పూర్తిగా వెనక్కి రాక సన్నగా కారడం ఉంటుంది. విప్పడం, బిగించడం రెండూ బయటే.

ఒకసారి వాడి పారేసే ఈ సిలిండర్లను పెద్ద సిలిండరు నుంచి మళ్ళీ నింపుకునే అడాప్టర్లు అమ్ముతారు. అలా నింపిన దాన్ని బండిలో తీసుకెళ్ళడం ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎంత నిండిందో తెలియని, మళ్ళీ నింపడానికి చేయని డబ్బాను మంట పక్కన పెట్టుకోలేను. నింపుకోవడానికే తయారుచేసిన ఒక పౌండు సిలిండర్లు వేరే వస్తున్నాయి, మేం వాటికి మారుతున్నాం. కాలిఫోర్నియా అయితే పారేసే రకం అమ్మకాన్ని 2028 నుంచి ఆపేస్తూ చట్టమే చేసింది.

20 పౌండ్ల సిలిండరు బయట పెట్టి పొడవాటి గొట్టంతో హీటరుకు కలిపే పద్ధతి కూడా ఉంది. గ్యాస్ చౌకగా పడుతుంది. అయినా వద్దనుకున్నాం. ఆ గొట్టంలో ఉండేది సిలిండరు పూర్తి ఒత్తిడి, ఎందుకంటే రెగ్యులేటరు హీటరు లోపల ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఉన్న గొట్టం తలుపు సందులో నలుగుతూ లోపలికి రావడం నాకు ఇష్టం లేదు. పైగా కొన్ని రకాల గొట్టాల రబ్బరు నుంచి జిడ్డు కరిగి వచ్చి హీటరు సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి, దానికి వేరే ఫిల్టరు పెట్టాలి.

భారతదేశంలో వ్యాన్ కట్టుకుని స్పితికో లద్దాఖ్‌కో వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఇక్కడ అమ్మేది దాదాపు శుద్ధ ప్రొపేన్, మైనస్ 42 డిగ్రీల దాకా వాయువుగా మారుతూనే ఉంటుంది. మన వంటగ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే వాయువుగా మారడం మానేస్తుంది. అందుకే గడ్డకట్టే చలిలో సిలిండరులో గ్యాస్ ఉన్నా మంట నీరసిస్తుంది. అప్పుడు సిలిండరును మంట దగ్గరికి జరపడం గానీ, మరిగే నీళ్ళు పోయడం గానీ చేయకండి.

నవంబరు చివర: ఇంటి ముందు పరీక్ష

కొండల్లోకి పోకముందు ఇంటి డ్రైవ్‌వేలోనే ఒక రాత్రి గడిపాం. బయట మైనస్ 6, లోపల 2 డిగ్రీలు. హీటరును వంటగట్టు పాదం దగ్గర, ప్లైవుడ్ మీద సిమెంటు బోర్డు అతికించి చేసిన పీట మీద, నాలుగు వైపులా అంచు కట్టి పెట్టాం. పక్కకు వంచితే వెంటనే ఆరిపోయింది, సరే. ముందు రెండున్నర అడుగుల దాకా ఏమీ లేదు. దుప్పటి అంచు వేలాడినా అంతదూరం రాదు. చోటు ఎంచుకోవడంలో నేను ఎక్కువ ఆలోచించింది ఇంకొకటి: మంచానికీ తలుపుకీ మధ్య హీటరు ఉండకూడదు. ఏదైనా అంటుకుంటే దాన్ని దాటి పోవాల్సిన పని పడకూడదు. వెనక తలుపులు లోపలినుంచి ఎంత సులువుగా తెరుచుకుంటాయో చీకట్లో కూడా తీసి చూశాం. మంటలార్పే డబ్బా జారుడు తలుపు పక్కన, బయటినుంచి కూడా చెయ్యి అందేలా ఉంది.

ఎక్కువ స్థాయిలో అరగంటకల్లా 18 డిగ్రీలు. మీటరు సున్నా దగ్గరే ఉంది. తర్వాత తక్కువ స్థాయికి తగ్గించి భోజనం చేశాం. ఆర్పిన తర్వాత వేడి చాలా త్వరగా పోయింది, తెల్లారేసరికి లోపల మళ్ళీ 3 డిగ్రీలు. ముందు అద్దం లోపలివైపు నీళ్ళు ధారలు కట్టాయి, కాగితం మీది లెక్క అక్కడ కనబడింది. హీటరు ఎంత మంచిదైనా పుట్టించిన వేడిని పట్టి ఉంచేది ఇంకేదో ఉండాలి.

ఆ ఆదివారం ఆదిలాబాద్‌కి వీడియో కాల్ చేసి వ్యాన్ అంతా తిప్పి చూపించాం. అమ్మ హీటరును చూడగానే అడిగిన మొదటి మాట, "పండుకునేటప్పుడు ఆర్పుతరా?" మా ఊళ్ళో ఇగం (గట్టి చలి) పెట్టినప్పుడు బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపేసుకున్న ఇళ్ళ గురించి ఆమెకు తెలుసు. "కుంపటి వాకిట్లనే ఉండాలె బిడ్డా, లోపలికి రాకూడదు" అంది. ఆమెకు పీపీఎం అంటే తెలియదు గానీ మా తలుపు మీది కాగితం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి వెళ్ళిన ఎనిమిది మంది, అందులో పసిపిల్లలు కూడా, చలికి గ్యాస్ హీటరు పెట్టుకుని తలుపులు బిగించుకున్న హోటలు గదిలో చనిపోయారు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. అక్కడ హీటరు కాదు, జనరేటరు పొగ. ఇవి చదివాక అమ్మకు ఏం చెప్పాలో నాకు తోచలేదు, "ఆర్పుతమమ్మా, సిలిండరు సుత బయటనే పెడతం" అన్నాను.

డిసెంబరు: రాత్రికి మంట లేని వేడి

ఈ నెలంతా వేడి పోకుండా ఆపే పనే. ముందు అద్దానికి, రెండు పక్క కిటికీలకు దూది కూరి కుట్టిన మందపాటి తెరలు, అంచుల్లో అయస్కాంతాలు. వ్యాన్‌లో వేడి ఎక్కువగా పోయేది ఒంటిపొర అద్దం నుంచే. గోడల్లో ముందే ఇన్సులేషన్ ఉంది, ఇనుప పక్కటెముకలు మాత్రం బయటికి కనబడుతున్నాయి. వాటి మీద పలుచని ఫోమ్ అతికించి పైన గుడ్డ చుట్టాం. డ్రైవరు క్యాబిన్‌కీ గదికీ మధ్య బరువైన రజాయి లాంటి తెర.

పడకకు మైనస్ 18 డిగ్రీల దాకా పనికొచ్చే స్లీపింగ్ బ్యాగులు, వాటి కింద 12 వోల్టుల విద్యుత్ దుప్పటి. దుప్పటి 50 వాట్లు లాగుతుంది, ఎనిమిది గంటలకు 400 వాట్-అవర్లు. మా 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో మూడో వంతు. అందులోంచి ఏ వాయువూ రాదు, ఒక్క చుక్క నీరు పుట్టదు. ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు, సెల్స్ పాడైపోతాయి. కాబట్టి దాన్ని మంచం కింద, గది వైపు పెట్టాం.

ఇప్పుడు రోజు ఇలా నడుస్తుంది. సాయంత్రం గాలి దారులు తెరవడం, హీటరు, వంట, భోజనం, కబుర్లు. పడుకునే ముందు ఆర్పి సిలిండరు బయటికి. రాత్రంతా దుప్పటి. పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్ళు బట్టలు మార్చుకుని, మొహం కడుక్కుని, అప్పుడు హీటరును బయటికి తీసుకెళ్ళి సిలిండరు బిగించి తేవాలి. కిటికీ రెక్క రాత్రి కూడా పూర్తిగా మూయం, ఊపిరి తేమ బయటికి పోవాలి.

జనవరి: సలైడా, ఆపైన

సలైడా ఎత్తు 7,083 అడుగులు. హీటరు పుస్తకంలో 7,000 అడుగులు దాటితే అది ఆరిపోవచ్చని రాసి ఉంది, సరిగ్గా ఆ గీత మీద ఉన్నాం. వెలిగింది, సాయంత్రమంతా నిలిచింది. బయట మైనస్ 14 ఉన్నా లోపల బనియన్‌తో కూర్చున్నాం. ఎక్కువ స్థాయిలో పెడితే సిలిండరు మీద మంచు నూగు పట్టింది. ద్రవం వాయువుగా మారుతూ తన వేడినే తాను వాడుకుంటుంది కాబట్టి అలా అవుతుంది. తక్కువకు తగ్గించగానే మంట నిలకడగా ఉంది.

అక్కడినుంచి ట్విన్ లేక్స్. 9,200 అడుగులు. సరస్సులు రెండూ గడ్డకట్టి ఉన్నాయి. హీటరు పైలట్ వెలిగి, కాసేపటికే ఆరిపోయింది. మళ్ళీ ముట్టిస్తే మళ్ళీ అంతే. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో 71 శాతం. ఆక్సిజన్ శాతం మారకపోయినా పలుచని గాలిలో పైలట్ మంట గొట్టం నుంచి లేచిపోయి థర్మోకపుల్‌ను వదిలేస్తుంది. అది చేయాల్సిన పనే చేసింది. ఆ సెన్సారును వంచి, లేదా తప్పించి ఎత్తులో కూడా వెలిగించుకునే చిట్కాలు నేను చూశాను. ఎవరు చెప్పినా చేయకండి. గాలి పలుచగా ఉన్నచోటే మంట సరిగా కాలకుండా విషం పుట్టే అవకాశం ఎక్కువ. ఆ చోటనే దాని కన్ను పొడిచేయడం అది.

హీటరును సంచిలో పెట్టేసి త్వరగా వంట ముగించి, దుప్పటి వేసుకుని పడుకున్నాం. అప్పుడు మా ఆవిడ అడిగిన ప్రశ్న ఈ డైరీ మొత్తంలో నాకు ముఖ్యమైనది: "ఇంత ఎత్తుల తలనొప్పొస్తే, అది కొండ ఎత్తుకు వచ్చిందా హీటరుకు వచ్చిందా ఎట్ల తెలుస్తది?"

తెలియదు. తలనొప్పి, వికారం, నీరసం, మత్తు ఎత్తు వల్లా వస్తాయి, కార్బన్ మోనాక్సైడ్ వల్లా వస్తాయి. రెండూ మొదట్లో ఒకేలా ఉంటాయి. పైగా ఎత్తులో రక్తంలో ఆక్సిజన్ ముందే తక్కువ కాబట్టి కొంచెం విషం కూడా ఎక్కువ పని చేస్తుంది. కాబట్టి మేం రాసుకున్నది: మంట ఏదైనా వెలిగిన సాయంత్రం ఎవరికి తలనొప్పి వచ్చినా ముందు హీటరు అనే అనుకోవాలి. ఆర్పి, ఇద్దరూ బయటికి దిగి, ఆ తర్వాత మీటరు చూడాలి. ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి వస్తే అనుమానం రెట్టింపు. బయటి గాలికి తగ్గినంత మాత్రాన వదిలేయకూడదు. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఆ వాయువు సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడితే గంటన్నర లోపే. మీటరు అంకె చూపిస్తే ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోను. ట్విన్ లేక్స్ దగ్గర ఫోను సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో చీకటి పడకముందే నడిచి చూసుకున్నాం.

ఫిబ్రవరి: తర్వాతి పని

ఎత్తుల్లో పోర్టబుల్ హీటరు నిలవదని తేలింది కాబట్టి పక్కా హీటరు పని ముందుకు జరిగింది. డీజిల్ హీటరా, ప్రొపేన్ హీటరా అని ఇంకా మాట్లాడుకుంటున్నాం. డీజిల్‌వి ఎత్తుల్లో గాలి చాలక మసి పట్టించుకుంటాయి, వాటికి ఎత్తుకు తగ్గట్టు ఇంధనం తగ్గించే ఏర్పాటు ఉండాలి. మా వ్యాన్ పెట్రోలుది, డీజిల్ కోసం వేరే ట్యాంకు కూడా పెట్టాలి. మంటగది పూర్తిగా మూసి ఉండే ప్రొపేన్ రకం అయితే వంటకూ వేడికీ ఒకే సిలిండరు సరిపోతుంది. నా మొగ్గు అటే, కాకపోతే 10,000 అడుగుల దగ్గర అది ఎలా నడుస్తుందో తయారీదారు నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కడతాను.

ఏది కొన్నా అలారాలు ఉన్నచోటే ఉంటాయి. నిన్న వ్యాన్ కింద పడుకుని పొగగొట్టం వచ్చే దారిని సుద్దముక్కతో గీశాను. ఇంధన ట్యాంకుకూ బ్రేకు గొట్టాలకూ దూరంగా, వ్యాన్ అంచు దాటి డ్రైవరు వైపు బయటికి రావాలి. కిటికీ రెక్క జారుడు తలుపు వైపు ఉంది కాబట్టి పొగ దానికి ఎదురుగా రాదు. గ్యాస్ అరకు అడుగున రెండంగుళాల రంధ్రం ఎక్కడ పెట్టాలో కూడా గుర్తు పెట్టాను. మంచు కరిగాక, ఏప్రిల్‌లో, నేల కోయడం మొదలుపెడతాం.